టేపు అవతలి కొస

నాది ఎప్పుడూ అవతలి కొస.
ఇవతలి కొస సారుది, రాసుడు గూడ సారుదే.
అచ్చంపేట మున్సిపాలిటీల ఔట్‌సోర్సింగు,
మూన్నెల్లకోపారి జీతం,
చేతిల ముప్పై మీటర్ల టేపు.
పదమూడో మీటరు కాడ అంకె చెరిగిపోయింది,
పన్నెండు తర్వాత నోటితోనే అనుకోవాలె.

మంగళవారం పని: బడి నుంచి డబ్బా దాక నూరు గజాలు.
గేటు కాన్నుంచా సారూ?
గేటు కాదురా, గోడ.
ప్రహరీ యాడ ఒడుస్తదో ఆన్నుంచి. కాయితంల అట్లనే ఉంది.
గోడేమో మొన్నటి వానకు మూల కూలి
రాళ్ళు రోడ్డు దాక దొర్లినయి.
దొర్లిన రాయి గోడ కిందికి వస్తదా రాదా అని
సారు ఎంఈఓ ఆఫీసుకు ఫోన్ గొట్టిండు.
వాళ్ళు ఇంజనీర్లను అడుగుమన్నరు.
ఇంజనీరు ఫోన్ ఎత్తలే.

మోరీ మీదికెల్లి, ఆగిన ఆటో కిందికెల్లి
మూడు టేపులు, పైన మూడు మూరలు గుంజాలె.
మూడు మూరలు కాకముందే
నా మడిమ డబ్బాకు తాకింది.
రెండు గజాలు తక్కువ.

ఈదమ్మ గొడవ పెట్టుకోలే.
బిస్కట్ల డబ్బా మూత తీసి
కాయితాలు ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది.
లైసెన్సు రశీదు, మా ఆఫీసుదే,
ఆ పైసలు వసూలు చేసింది నేనే.
తునికాకు కార్డు, అడవి ఆఫీసుది.
పులులకని అడవి మూసిండ్రు,
బోనసు గడి ఇంక తెల్లగనే ఉంది.
పోలీసోళ్ళు సంచి ఎత్తుకపోయిన దినానికి
కాయితమే లేదు.
గుట్కా పొట్లాలు హైదరాబాద్ ల్యాబుకు పంపిన ఫుడ్డు సారు
సంతకం మాత్రం ఉంది, ఏడాది కిందటిది.

"పొట్లంల ఏముందో తెల్వనీకె
ఏడాది పడ్తదా సారూ?
మా కుర్మయ్య నోరు జూస్తే
ఆ దినమే తెలుస్తుండె."

సారు తల ఎత్తలే. రెండు వందల చలాను రాసిండు.

కుర్మయ్య డబ్బా పక్కన సిమెంటు దిమ్మె మీద.
పెద్దాసుపత్రిల పండ్ల డాక్టరు
మూడు వేళ్ళు నిలువుగ పెట్టమన్నడంట నోట్ల.
ఒక్కటి పట్టింది.
ఇప్పుడు అంబలి, అదీ గొట్టంతోటి.
బీడీ కట్టల మీది కుళ్ళిన దవడ బొమ్మ
కనబడకుండ బోర్లేసి పెడ్తది ఈదమ్మ.
గిరాకీ పోతదని కాదు,
ఆయన ఎదురుంగనే కూసుంటడని.

బడి ఇడిసినంక
పదో తరగతి పోరగాళ్ళు నలుగురు
బ్యాగులు దిమ్మె మీద పడేసి
హోయ్ హోయ్ అనుకుంట డబ్బాను నూకిండ్రు.
రెండు గజాలు, పైన జానెడు.
మల్ల టేపు పట్టినం. లెక్క కుదిరింది.
సారు ఫోటో తీసుకున్నడు,
డబ్బా, టేపు, నేను,
ఫోటోల అంచుకు కుర్మయ్య మోకాలు.
ఈదమ్మ పోరగాళ్ళకు తలో చాక్లెట్ ఇచ్చింది.
అండ్ల ఒకడు తీసుకోలే.
ఆడు వేరే దిక్కు చూస్తుండు,
దండెం లెక్క ఏలాడే పొట్లాల దిక్కు.

"బడి గోడ మల్ల కట్టేటప్పుడు
ఇంకింత ముందుకు కడ్తరా?"
పోంగ పోంగ అడిగింది ఈదమ్మ.
ఎవరిని అడుగుతుందో తెల్వక
నేను టేపు చుట్టుకుంట ఉన్న.

రాత్రి అద్దం ముంగట,
కారెంటు పోకముందు,
జేబుల పొట్లం తీసి సబ్బు పెట్టె మీద పెట్టి
వేళ్ళు నిలువుగ పెట్టి చూసుకున్న.
రెండు పట్టినయి.
మూడోది పండ్లకు తాకి ఆగింది.

ఇవతలి కొస నాదే, అవతలి కొసా నాదే.
రాసుకోనీకె
సారు లేడు.